కల్బా దారిలో లడాయి ఇల్లు

ఫుజైరా నుంచి కల్బా వచ్చే పాతదారిలో, కొండలు సముద్రానికి బాగా దగ్గరగా జరిగే చోట, ఒక ఇల్లుంది. రెండంతస్తులది. చుట్టూ రాతి ప్రహరీ — సగం నిలబడి, సగం కూలి. గేటుకి తాళం. కిటికీలకి చెక్కలు.

ఆ ఇంటి ముందు పొద్దుగూకాక ఎవరూ బండి ఆపరు.

టైరు పంక్చరైనా సరే, రిమ్ము నేలను గీరుకుంటున్నా సరే, లాక్కుంటూ పోయి మలుపు దాటాకే ఆపుతారు. క్వారీల నుంచి కంకర తోలే పఠాన్ డ్రైవర్లు అక్కడికి రాగానే అద్దాలు ఎక్కించేస్తారు. కల్బా దుకాణాల్లో పనిచేసే మన తెలంగాణవాళ్ళు దానికి 'లడాయి ఇల్లు' అని పేరు పెట్టారు. ఎందుకంటే లోపల లడాయి జరుగుతుంది. ముందు తోపులు పేలిన చప్పుడు. తర్వాత గోడ కూలిన చప్పుడు. ఆ తర్వాత... ఆడవాళ్ళ కేకలు.

చివరికి రాళ్ళు.

ఒక ట్యాంకరు డ్రైవరు ఒంటేలుకని దిగి ప్రహరీ వైపు తిరిగి నిలబడ్డాడట. లోపల్నుంచి వచ్చిన రాయి వాడి కన్ను తీసేసిందట. ఆ డ్రైవర్ని చూసినవాళ్ళు ఎవరూ లేరు గానీ, ఆ కన్ను సంగతి తెలియనివాళ్ళూ లేరు.

రాజమౌళికి మాత్రం ఇవేవీ తెలియవు. అతనుండేది షార్జాలో. ఊరు కోరుట్ల పక్కన. చెక్కపని మనిషి. పెద్ద పెద్ద సామాన్లకి చెక్కపెట్టెలు కట్టి ఓడలకెక్కించే కంపెనీలో పని. మిషన్లు, చలవరాతి బొమ్మలు, ఒకసారి బతికున్న డేగలకి గూళ్ళు — ఏదైనా సరే, కొలత చెబితే చాలు, సామాను కదలకుండా పెట్టె బిగిస్తాడని పేరు.

రెండువేల ఇరవై నాలుగు, నవంబరు నెలలో ఒక మధ్యాహ్నం అతన్ని పికప్పులో ఎక్కించుకుని ఆ ఇంటికి తీసుకొచ్చినవాడు సనావుల్లా. నెల్లూరు మనిషి, ఫోర్‌మన్. దారంతా ఇద్దరి మధ్యా ఒక్క మాట లేదు.

ఒకప్పుడు రాజమౌళి అతన్ని 'భాయ్' అనేవాడు. ఇప్పుడు 'సాబ్' అంటాడు. ఆ రెండు మాటల మధ్యా జరిగింది ఒక్కటే. ఊళ్ళో భార్య రేణుకకి కడుపు ఆపరేషన్ అని ఫోనొస్తే, సెలవు కాగితం మీద సనావుల్లా సంతకం పెట్టలేదు. "నువ్వు పోయి కోస్తావా ఏంది, డాక్టర్లు లేరా?" అన్నాడు. కుట్లు విప్పి, ఆవిడ లేచి నడిచాక సెలవిచ్చాడు. అది రాజమౌళి మరిచిపోలేదు. మరిచిపోలేదని సనావుల్లాకీ తెలుసు.

గేటు తాళం తీస్తుంటే సనావుల్లా చేయి కొంచెం ఆగింది. మలుపు దగ్గరి చాయ్ కొట్టువాడు అతనికి ఏదో చెప్పే ఉంటాడు. అయినా బయటపడలేదు.

"యల్లా, దిగు. పొద్దుండగానే ఫ్రేము కట్టెయ్యాల."

లోపలికి అడుగుపెట్టగానే ముక్కుకి తగిలింది ఒక వాసన. మూతపడిన ఇంటి వాసన కాదు. దీపావళి మర్నాడు పొద్దున వీధిలో ఉండే వాసన.

హాలులో ఒక గోడ మొత్తం పటమే. మనిషి భుజాల మీద మనిషి నిలబడితే గానీ పై అంచు అందదు. సనావుల్లా దాని మీది దుప్పటి లాగి పక్కన పడేశాడు.

రాజమౌళి ఒక అడుగు వెనక్కి వేశాడు.

బొమ్మలో ఒక కోట. గోడ మధ్యలో చీలిపోయి ఏనుగు దూరేంత కంత. రాళ్ళన్నీ జారి కందకంలోకి కుప్పగా పడ్డాయి. బురుజు ఒకటి పక్కకు ఒరిగింది. అందులోంచి దూలాలు విరిగిన ఎముకల్లా బయటికి పొడుచుకొచ్చాయి. ఇళ్ళకు కప్పుల్లేవు. ఒక ఎద్దు కడుపు తెరుచుకుని పడుంది. పూడిపోయిన బావి మీద గిలక ఒక్కటే నిలబడి ఉంది. వెనకంతా పొగ — పొగలోంచి ఎరుపు. అది సూర్యుడో, మంటలో తెలియదు.

రాళ్ళకుప్ప మీద మనుషులు. చాలామంది పడిపోయి ఉన్నారు. కొందరు నిలబడి ఉన్నారు.

గోచిపెట్టి కట్టిన చీరలు... చేతులకు వెండి కడియాలు... మగవాళ్ళ భుజాన గొంగళ్ళు...

"మనోళ్ళే!" అన్నాడు రాజమౌళి, తనకు తెలియకుండానే.

సనావుల్లా చెక్కలు దింపుతూ అన్నాడు: "ఎవురో తెల్లోడంట. కుంఫిణీ దండు వెంబడి మీ దిక్కంతా తిరిగినాడంట. ఆ కోట పడిపొయ్యేటప్పుడు ఆడనే ఉండి చూసి, వాళ్ళ దేశం పోయినాక రంగులేసినాడంట. పద్దెనిమిది వందల ముప్పైల్లో మాట. కోట పేరు కూడా చెప్పినాడు ఆ ఇంటాయన కొడుకు. నాకు నోరు తిరగలా."

"మా దిక్కు అంటే ఎక్కడ సాబ్?"

"గోదారి కాడ యాడనో. నీకెందుకు? కొలతలు తియ్."

ఆ ఇంటి పెద్దాయనకు పాత యుద్ధాల బొమ్మలంటే మోజట. దీన్ని లండన్ వేలంలో కొనుక్కొచ్చి, దీని కోసమే ఈ హాలు ఇంత ఎత్తున కట్టించాడట. ఆయన పోయాడు. కొడుకులెవరూ ఈ ఇంట్లో కాపురం పెట్టలేదు. ఇప్పుడు మళ్ళీ అమ్మేశారు. పెట్టె కట్టి ఓడకెక్కించాలి.

రాజమౌళి టేపు తీసుకుని పటం దగ్గరికి వెళ్ళాడు. అప్పుడు గమనించాడు. పటం కింది అంచున రెండు తోపుల వెనక భాగాలు మాత్రం కనిపిస్తున్నాయి. అంటే గీసినవాడు తోపుల పక్కన నిలబడి గీశాడు. ఇప్పుడు చూసేవాడు నిలబడవలసిందీ అక్కడే. వేరే చోటు లేదు.

అందుకే కాబోలు, ఆ కుప్ప మీదివాళ్ళందరూ ఇటే చూస్తున్నారు.

ఏడుపు లేదు ఆ చూపుల్లో. భయం కూడా లేదు. మధ్యలో నిలబడిన ఒక నడివయసు ఆవిడ — తల విరబోసుకుని, పమిట బిగించి కట్టుకుని — నేరుగా రాజమౌళి కళ్ళలోకి చూస్తోంది. ఇంటికి నిప్పు పెట్టినవాణ్ణి చూసినట్టు...

అతను చూపు తిప్పుకున్నాడు.

"మేకులు సాలవు," అన్నాడు సనావుల్లా, డబ్బా తెరిచి. "స్పాంజి గూడ తక్కువుంది. కల్బా పోయి తెస్తా. నేనొచ్చేలోపల పక్క ఫ్రేములు రెండూ బిగించి ఉండాల. గేటు తెరిచిపెట్టొద్దని ఇంటాయన కొడుకు ఆర్డరు. తాళమేసుకుని పోతా."

"తాళమెందుకు సాబ్? నేను లోపలనే ఉంట గదా."

"ఆర్డరన్నా గదా?"

బండి చప్పుడు దూరమైంది. ఇంట్లో రాజమౌళి, ఆ పటం మిగిలారు.

అతను పని మొదలుపెట్టాడు. రెండు పొడుగు కర్రలు నేలమీద పక్కపక్కన పరిచాడు. వాటికి అడ్డంగా పట్టీలు పెట్టి మేకు దిగ్గొట్టాడు. ఒకటి... రెండు... సుత్తి దెబ్బ ఖాళీ హాలులో రెట్టింపై తిరిగి వస్తోంది. టక్ — టక్. టక్ — టక్. ఎవరో గోడ అవతల కూర్చుని అదే పని చేస్తున్నట్టు.

మూడో పట్టీ కొడుతుంటే వెనక ఏదో పడింది.

చిన్న రాయి. నిమ్మకాయంత. ఒక వైపు సున్నం అంటుకుని ఉంది. ప్రహరీ రాయి కాబోలు, కిటికీ చెక్క సందులోంచి గాలికి... కానీ గాలి రాయిని విసరదు కదా. రాజమౌళి దాన్ని కాలితో పక్కకు నెట్టి మళ్ళీ సుత్తి అందుకున్నాడు.

టక్—

రెండో రాయి. ఈసారి చెవి పక్కనుంచి పోయింది.

"కౌన్ హై?" అని అరిచాడు. "కౌన్ హై ఉధర్?"

 పైకి పోయే మెట్లు హాలు మూల నుంచి చీకట్లోకి ఎక్కుతున్నాయి. బయట మగ్రిబ్ అజాన్, పొద్దుగూకే వేళ నమాజు పిలుపు, మొదలైంది. ఎక్కడో దూరంగా, సముద్రపు గాలిలో తేలుతూ. కిటికీ చెక్కల సందుల్లో ఎరుపు మెల్లిగా ఆరిపోయింది.

అతను పని దీపం వెలిగించాడు. ఆ తెల్లటి వెలుగులో పటంలోని పొగ... కదిలినట్టనిపించింది. కళ్ళు నులుముకున్నాడు. కదల్లేదు. రంగే.

అప్పుడు వినిపించింది.

ధన్...

నేల అదిరింది. పైకప్పు నుంచి సన్నగా దుమ్ము రాలింది.

క్వారీ — అనుకున్నాడు. కొండలు పేలుస్తారు కదా ఇక్కడ. కానీ పొద్దు గూకాక పేల్చరు. ఆ మాట అతనికి తెలుసు. క్వారీల్లో అతని పక్కూరివాడు పర్శరాములు ఏళ్ళ తరబడి పనిచేశాడు.

ధన్...

ఈసారి చప్పుడు బయట్నుంచి రాలేదు. వెనక నుంచి వచ్చింది. తాను నిలబడ్డ చోటు వెనక నుంచి. తన భుజం పక్కనే పేలినట్టు చెవుల్లో గింగురుమంది.

రాజమౌళి పరిగెత్తాడు. వాకిట్లోకి, గేటు దగ్గరికి. తాళం. రెండు చేతులా పట్టుకుని ఊపాడు. రోడ్డు మీద ఒక లారీ వచ్చింది. ఇతను చేతులూపి కేకలు పెట్టాడు. లారీ ఆగలేదు సరికదా, ఇంకా వేగం పెంచుకుని మలుపు తిరిగిపోయింది.

ఫోను తీసి సనావుల్లాకి కొట్టాడు.

"సాబ్, జల్ది రా. ఈడ ఎవరో ఉన్నరు. రాళ్ళేస్తున్నరు."

"తాగినావా?"

"తాగలే సాబ్! నోరు వాసన జూడు రాంగనే. నువ్వు ముందు గేటు తియ్యి."

"ఫ్రేము అయిందా?"

"సాబ్..."

"అయినాక ఫోన్ చెయ్." పెట్టేశాడు.

రాజమౌళి వాకిట్లోనే ఉండిపోదామనుకున్నాడు. కానీ ప్రహరీ కూలిన చోట, చీకట్లో, రాళ్ళ మీద రాళ్ళు దొర్లుతున్న చప్పుడు. ఎవరో దిగుతున్నట్టు... ఒకరు కాదు, చాలామంది. అటు చూడలేక మళ్ళీ ఇంట్లోకి, వెలుగు దగ్గరికి వచ్చేశాడు.

హాలులో అడుగు పెట్టగానే పైనుంచి దగ్గు వినిపించింది.

సన్నటి దగ్గు. ఆపుకోబోయి ఆపుకోలేక పోయిన దగ్గు. మనిషిది.

అతనికి కోపం వచ్చింది. భయం ముదిరినప్పుడు వచ్చే కోపం అది. ఎవడో పైన కూర్చుని ఆటలాడుతున్నాడన్నమాట! సుత్తి పట్టుకుని మెట్ల వైపు నడిచాడు. మొదటి మెట్టు మీద కాలు పెట్టాడు.

రాయి వచ్చి భుజాన్ని పొడిచింది. నొప్పికి కూలబడ్డాడు. ఇంకొకటి మోకాలి పక్కన పగిలింది. ఇంకొకటి. మరొకటి. పాకుతూ వెనక్కి జరిగాడు. మెట్లకు దూరమైన కొద్దీ రాళ్ళు తగ్గాయి. వీపుకి ఏదో తగిలింది. చూస్తే పటం చట్రం. తను వచ్చి ఆ పటానికే ఆనుకుని కూర్చున్నాడు.

పక్కకు దొర్లి తల ఎత్తాడు. ఆ నడివయసు ఆవిడ ముఖం సరిగ్గా పైన.

"అవ్వా..." అన్నాడు.  "ఎందుకు గొడ్తున్నరు నన్ను? నేనేం జేసిన? నేను తెల్లోణ్ణి గాదు. దండోణ్ణి గాదు. గోదారి కాడోణ్ణే. మీ ఊరోణ్ణే అనుకోండ్రి..."



రాళ్ళు ఆగాయి. దీపం చుట్టూ దుమ్ము తిరుగుతోంది. మాట విన్నారనుకున్నాడు. ఊపిరి వదిలాడు.

అప్పుడు చెవి పక్కనే... వెంట్రుకంత దూరంలో... గుసగుస.

"నిచ్చెనలు జేసినోడు గూడ మా ఊరోడే."



రాజమౌళి మెల్లిగా, చాలా మెల్లిగా, తల తిప్పి నేలమీద చూశాడు. దీపం వెలుగులో తను సాయంత్రం నుంచి కట్టింది పడుంది. పొడుగ్గా రెండు కర్రలు. వాటికి అడ్డంగా, మెట్టు మెట్టుకీ ఎడం వదిలి, పట్టీలు. పెట్టెకి పక్క ఫ్రేము అది. ఏళ్ళ తరబడి అతను కడుతున్నది అదే. కానీ ఇప్పుడు ఆ గోడ పక్కన, ఆ కంత ఎదురుగా, అది ఇంకేదీ కాదు. నిచ్చెనే.

ఆ గోడ అవతల బతికున్నవాళ్ళకి ఇందాకటి నుంచీ వినిపించింది ఆ చప్పుడే. టక్ — టక్. టక్ — టక్. రేపు మీ గోడెక్కుతాం అని చెప్పే చప్పుడు.

అతను లేచాడు. భుజం ఎత్తలేకపోతున్నాడు. అయినా సుత్తి వెనక కొక్కెంతో ఒక్కొక్క మేకూ పీకాడు. ఒక్కొక్క పట్టీ ఊడదీశాడు. కర్రలు రెండూ విడివిడిగా ఆ గోడకీ ఈ గోడకీ దూరంగా విసిరేశాడు. చేతులు ఖాళీ అని పటం వైపు చాపి చూపించాడు. ఎవరికి చూపిస్తున్నాడో, ఎందుకు చూపిస్తున్నాడో అతనికే తెలియదు. కళ్ళ వెంట నీళ్ళు కారుతున్నాయి.

"ఖలాస్," అన్నాడు. "కట్ట. నేను కట్ట."

ఒక్క రాయి రాలేదు.

పికప్పు వచ్చి ఆగింది. తాళం తీసిన చప్పుడు. సనావుల్లా లోపలికి వచ్చి నేలమీద చెల్లాచెదురైన చెక్కలు చూసి నోరు తెరిచాడు.

"ఏందయ్యా ఇది? కట్టమంటే పీకి పెడతావా? నా మీద కక్ష తీర్చుకుంటా ఉండావా?"

"సాబ్, దీనెదురుంగ పెట్టె కట్టొద్దు. షార్జాల కట్టి తీస్కొద్దాం."

"నువ్వా నాకు చెప్పేది?"

అప్పుడే పైన దగ్గు. ఈసారి ఇద్దరూ విన్నారు.

"ఓహో, ఇదా కత!" అన్నాడు సనావుల్లా. ఒక కర్ర అందుకున్నాడు.

"పోకు సాబ్..."

వినలేదు. మెట్లు రెండు ఎక్కాడో లేదో, ఠప్‌మని రాయి వచ్చి నుదుటి మీద పడింది. చేయి పెట్టుకుంటే వేళ్ళ మధ్య నుంచి రక్తం. మామూలు మనిషైతే దిగేవాడే. అతనికి తిక్క రేగింది. బూతులు తిడుతూ, మోచేతితో ముఖం కాచుకుంటూ పైకి దూసుకుపోయాడు. రాజమౌళి ఒక చేత దీపం, ఒక చేత సుత్తి అందుకుని వెంట పరిగెత్తాడు.

పై అంతస్తులో ఒక గది. గదిలో బాత్‌రూము. తలుపు తన్నితే ఊడింది.

టబ్బులో, పాత తెరగుడ్డల మధ్య, ఒక ఆడమనిషి ముడుచుకుని కూర్చుని ఉంది. నల్లటి అబాయా నిలువెల్లా కప్పుకుంది. ముఖం మాత్రం కనిపిస్తోంది. ముప్ఫై దాటని వయసు. కళ్ళు లోతుకు పోయాయి. వెలుగు పడగానే మోకాళ్ళలోకి తల దించేసుకుంది.

"సంపొద్దు న్నా... సంపొద్దు..."

తెలుగు!

సనావుల్లా కర్ర దించాడు. నుదుటి రక్తం తుడుచుకుని నవ్వాడు. చెడ్డ నవ్వు. "చూసినావా రాజమౌళీ? ఇదీ ఈ ఇంటి దెయ్యం. యాడనో పనిలోంచి పారిపోయొచ్చి ఈడ దాంకోని, ఎవురూ రాకుండా రాళ్ళేస్తా ఉంది." ఆమె వైపు తిరిగాడు. "ఏ ఊరు మీది?"

"రాయచోటి న్నా. షహర్బాను నా పేరు. పనిజేసే ఇంట్లో కొడతా ఉంటే... బైటికొచ్చేసినా. ఈడ గోడ పడిపోయిండాది, ఆ సందులో దూరినా. ఎవురికీ జెప్పొద్దండి న్నా."

సనావుల్లా అప్పటికే ఫోను తీశాడు.

"ఎవరికి జేస్తున్నవ్?" అన్నాడు రాజమౌళి.

"పోలీసుకి. పారిపోయిన మనిషిని చూసి చెప్పకపోతే కేసు మన మీదికొస్తది. తెలీదా నీకు?"

రాజమౌళి వెళ్ళి బాత్‌రూము గుమ్మానికి అడ్డంగా నిలబడ్డాడు. ఆ టబ్బుకీ సనావుల్లాకీ మధ్య. సుత్తి ఇంకా చేతిలోనే ఉంది. దాన్ని ఎత్తలేదు. దించనూ లేదు.

"ఫోన్ జేబుల పెట్టు సాబ్."

"బెదిరిస్తా ఉండావా నన్ను?"

"ఇప్పుడు ఆమ్నెస్టీ నడుస్తున్నది. క్షమాభిక్ష. పారిపోయినోళ్ళు గూడ తమంతట తాము పోయి చెప్పుకుంటే కేసు లేకుండ ఇంటికి పంపుతున్నరు. మన క్యాంపుల ఇద్దరు పోయిండ్రు గదా. పట్టిస్తే వేరు, పోయి చెప్పుకుంటే వేరు. ఆమెనే పోనియ్యి." ఇంకొంచెం అడ్డం జరిగాడు. "నా భార్య కత్తి కింద ఉన్ననాడు నువ్వు నన్ను ఆపినవ్. నేను ఊకున్న. ఇయ్యాల ఊకోను. నువ్వు ఫోన్ చేస్తే నా పేరు గూడ చెప్పు, ఇద్దర్నీ తీస్కపోని."

సనావుల్లా పళ్ళు కొరికాడు. వేలు ఫోను మీదే ఉంది.

ధన్...

కిటికీ చట్రం గడగడలాడింది. కింద హాలులో, పటం ఉన్నవైపు, పెద్ద గోడ ఏదో విరుచుకు పడ్డట్టు... రాళ్ళు, రాళ్ళు, రాళ్ళు... ఆ వెనకే ఒక్కసారిగా ఆడవాళ్ళ కేకలు.

ముగ్గురూ కదల్లేదు. సనావుల్లా ముఖం పిండిలా తెల్లబడింది. ఫోను జేబులో పెట్టుకున్నాడు. రెండుసార్లు పెట్టబోతే గానీ జేబు దొరకలేదు.

"బండెక్కండి," అన్నాడు.

హాలు దాటేటప్పుడు ఎవరూ తల తిప్పలేదు. ఎక్కడా ఏదీ పడిపోలేదు. తను విసిరిన రెండు కర్రలూ పడేసిన చోటే ఉన్నాయి. అంతవరకూ రాజమౌళి కంటి చివర చూశాడు. షహర్బాను మాత్రం, అబాయాలో ముడుచుకుని మెట్లు దిగి, పటం ముందు ఒక్క క్షణం ఆగింది. పెదవులు కదిలాయి. తర్వాత పరుగున వచ్చి వెనక సీట్లో కూర్చుంది.

కొండల మధ్య నుంచి షార్జా దారి పట్టాక సనావుల్లా ఒకే ఒక్క మాటన్నాడు.

"క్రషర్ల కాడ పేలుస్తా ఉంటారు."

రాజమౌళి తన వైపు అద్దం ఎక్కించుకున్నాడు.

షార్జాలోనే, రోలా అనే పేటలో షగుఫ్తా అని ఒకావిడ ఉంది. హైదరాబాదు మనిషి. చిన్న కుట్టుపని దుకాణం నడుపుతుంది. ఇట్లా ఎటూ దారిలేని ఆడవాళ్ళకి అన్నం పెట్టి, కాగితాలు కట్టించి, ఇంటికి పంపుతుంటుంది. షహర్బానుని ఆ రాత్రే ఆవిడ చేతుల్లో పెట్టాడు రాజమౌళి. సనావుల్లా బండి దిగలేదు. మర్నాడు నుదుటికి కుట్లేయించుకుని పనిలోకి వచ్చి, చెక్క పడిందని చెప్పాడు. పోలీసుకి చెప్పలేదు. రాజమౌళిని తన గుంపులోంచి తీసేసి వేరే ఫోర్‌మన్ కింద వేయించాడు. ఆ తర్వాత ఇద్దరూ ఎదురుపడినా తల ఎత్తి చూసుకోలేదు.

పెట్టె షార్జాలోనే తయారైంది. తయారైన పెట్టెని పట్టపగలు నలుగురు తీసుకెళ్ళి, పటాన్ని ఎత్తి, అందులో దించి మూత వేశారు. అక్కడ ఒక్క మేకు కూడా కొట్టలేదు. అన్నీ స్క్రూలే. ఏ గొడవా కాలేదు. పటం ఓడెక్కి పోయింది.

ఆ వారం ఆఖర్లో షగుఫ్తా ఫోను చేసింది. "తమ్ముడూ, రేపు ఆమ్నెస్టీ సెంటర్‌కి పోవాలె. బాను నిన్ను గూడ రమ్మంటున్నది. నువ్వుంటే ధైర్యంగ ఉంటదంట."

సెంటర్ దగ్గర జనం. ఎండలో పందిళ్ళు, వరసలు, చేతుల్లో ప్లాస్టిక్ సంచులు. నాలుగు రోజులు కడుపునిండా తిన్నాక షహర్బాను ముఖానికి కళ వచ్చింది. కొడుకు ఫొటో చూపించమని షగుఫ్తాకి చెప్పింది. "స్కూలుకి పోతాడు న్నా. నేను వస్తా ఉండానని వాడికి ఇంకా చెప్పలే. చెప్తే నిద్రపోడు." నవ్వింది కూడా. కబుర్లాడుతూ వరసలో జరుగుతున్నారు.

రాజమౌళికి మనసు తేలికపడింది. భుజం మీది నలుపు ఇంకా పోలేదు గానీ, దాన్ని చూసుకుంటే ఇప్పుడు భయం వేయడం లేదు. పాపం, ప్రాణభయంతో ఉన్న మనిషి రాయి విసరకేం చేస్తుంది? ఆ గుసగుస కూడా ఈమెదే అయి ఉంటుంది. లేదా తన భయానిదే అయి ఉంటుంది. చప్పుళ్ళంటావా, సనావుల్లా అన్నట్టు క్రషరే కావచ్చు. అన్నీ సర్దుకున్నాయి.

"ఏమైనా గాని చెల్లె," అన్నాడు నవ్వుతూ, "నీ గురి గట్టిది. ఆ ఫోర్‌మన్ నుదురు చూసినవా? మూడు కుట్లు."

షహర్బాను అర్థం కానట్టు చూసింది.

ఇంతలో ఆమె వంతు వచ్చింది. అద్దం వెనక ఆఫీసరమ్మ వేలిముద్రల మిషన్ ముందుకు జరిపింది. నాలుగు వేళ్ళూ ఆనించి నొక్కమని సైగ చేసింది.

షహర్బాను అబాయా చేతులు పైకి లాక్కుంది.

రెండు మణికట్లూ వంకర తిరిగి ఉన్నాయి. ఎముకలు విరిగి, కట్టు లేకుండా, ఎట్లా పడితే అట్లా అతుక్కున్నాయి. వేళ్ళు లోపలికి ముడుచుకుపోయి ఎండిన ఆకుల్లా ఉన్నాయి. షగుఫ్తా పక్కకు వచ్చి, ఒక్కొక్క వేలినీ తన వేళ్ళతో విప్పి, అద్దం మీద ఆనించి పట్టుకుంది. వదలగానే ముడుచుకుపోయాయి.

"పనిజేసే ఇంటి మిద్దె మీద నుంచి దూకినప్పుడు విరిగినాయి న్నా," అంది షహర్బాను, అతని చూపు చూసి. "అన్నం గూడ అక్కే తినిపిస్తాది."

 రాజమౌళి చాలా చిన్నగా అడిగాడు.

"మరి... ఆ రాళ్ళు?"

షహర్బాను చుట్టూ చూసింది. ఎవరూ వినడం లేదని రూఢి చేసుకుని, అతని వైపు వంగి, గుసగుసగా అంది.

"నేను విసర్లేదు న్నా... మీరొస్తా ఉంటే, నన్ను ఎనక్కి పెట్టుకోని, వాళ్ళే విసిరినారు."